చూచిరాత చాలు, సొంతరాత కావాలి

మన పిల్లలు బడికి పోతున్నారు. పోవడానికి మన తాతలు, తండ్రులు పడ్డ పాట్లు ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బడిలో మన పిల్ల నోటుబుక్కు నింపుతోంది గదా, ఆ నోటుబుక్కులో ఎవరి మాట ఉంది?

తీసి చూడండి. బోర్డు మీది ప్రశ్న, గైడులోని జవాబు, కింద సారు పెట్టిన ఎర్రసిరా టిక్కు. 2012 తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘స్వీయరచన’ అని ఒక భాగం పెట్టారు. అంటే పిల్ల సొంతంగా రాయాలి. ఆ సొంతంగా రాయాల్సింది కూడా గైడులో అచ్చయి వస్తోంది, పిల్లలు చూసి ఎక్కిస్తున్నారు. ఈమధ్య గైడు కూడా అక్కర లేకుండా పోయింది. ఫోనులో అడిగితే యంత్రమే వ్యాసం రాసిస్తోంది. చూచిరాతతో మొదలైన చదువు చూచిరాతలోనే తెల్లారుతోంది.

నేను సర్కారు బడిలో టీచరును. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. అందుకే తోటి టీచర్లతో గట్టిగా అంటున్నాను. మార్కుల కోసం సారుకు చూపించే రాత వేరు, నలుగురు చదువుతారని రాసే రాత వేరు. రెండోది నేర్పకపోతే మన పిల్లలకు అక్షరాలు వస్తాయి గానీ అక్షరం మీద హక్కు రాదు.

ఇది పుణెలో ఎప్పుడో రుజువైన సంగతి. జోతిబా, సావిత్రిబాయి ఫూలేలు 1848లో అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టారు. తర్వాత మహార్, మాంగ్ పిల్లలకూ బళ్ళు తెరిచారు. ఫూలేల బడిలో చదివిన మాంగ్ పిల్ల ముక్తా సాల్వే తన వాళ్ళ దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. అది 1855లో ‘జ్ఞానోదయ’ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. వేదాలు బ్రాహ్మలవే అయితే మాది ఏ మతమని అందులో నిలదీసింది. తలమీద నీడ లేని చోట కాన్పయ్యే తమ ఆడవాళ్ళ బాధ రాసింది. ఆ వ్యాసం నోటుబుక్కులోనే ఉండిపోయి, కింద టిక్కు పడి ఊరుకుంటే, నూట డెబ్బై ఏండ్ల తర్వాత మనం ఆ పిల్ల పేరు తలుచుకునేవాళ్ళమా? ఆమె రాత బడి గోడ దాటింది కాబట్టే మన దాకా వచ్చింది.

ఇంకో దేశం సంగతి కూడా వినండి. ఫ్రాన్సులో సెలెస్తాన్ ఫ్రెనే అనే పల్లెటూరి టీచరు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, గంటలకొద్దీ పాఠం చెప్పే శక్తి లేదు. 1924లో ఒక చిన్న అచ్చుయంత్రం కొని తరగతిలో పెట్టాడు. పిల్లలను ఊళ్ళో తిప్పాడు. చూసింది వాళ్ళనే రాయమన్నాడు. వాళ్ళ చేతులతోనే అక్షరాలు పేర్పించి అచ్చు వేయించాడు. ఆ కాగితాలు టపాలో దూరపు ఊరి బడికి పోయేవి, అక్కడి పిల్లల కాగితాలు ఇక్కడికి వచ్చేవి. ముఖం తెలియని పిల్లలు చదువుతారంటే ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. తప్పులు సారు వెతకాల్సిన పని ఉండదు, పిల్లలే వెతుక్కుంటారు.

ఫ్రెనేకు అచ్చుయంత్రం కావలసి వచ్చింది. మనకు ఈరోజు ఒక టీచరు చేతిలోని ఫోను చాలు. బ్లాగు అనే మాట వినే ఉంటారు. 1997లో వెబ్‌లాగ్ అనే పేరు పుట్టింది, 1999లో దాన్ని కురచచేసి బ్లాగు అన్నారు. అదేదో బ్రహ్మపదార్థం కాదు. తేదీల వారీగా రాసుకుంటూ పోయే పేజీ. కొత్తగా రాసింది పైకి వస్తుంది, పాతది కింద భద్రంగా ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, చదివి రెండు మాటలు రాయొచ్చు. బడి గోడ మీద అంటించే గోడపత్రికే, గోడ అక్కర లేకుండా ఊరు దాటిపోతుంది. పైసా ఖర్చు లేకుండా పెట్టుకునే వీలుంది.

ఇక్కడొక సంగతి గమనించండి. 2020లో బళ్ళు మూతబడ్డప్పుడు పాఠాలు టీవీలో వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు, వాటిలో వీడియో పాఠాలు నింపి ఇచ్చారు. యంత్రం రావడం మంచిదే. కానీ వచ్చినవన్నీ పిల్లలకు చెప్పడానికి వచ్చాయి. పిల్లలు చెప్పేది వినడానికి వచ్చింది ఏది? వేల ఏండ్లుగా వినడమే మన వంతు చేశారు. కొత్త యంత్రంతో కూడా వినడమే మన వంతు అయితే ఇక మారిందేమిటి?

మన పిల్లల దగ్గర రాయడానికి ఏముంది అంటారు కొందరు సార్లు. చాలా ఉంది. పత్తి ఏరబోయిన పిల్లకు కిలోకు ఎంత ఇస్తారో, తూకంలో ఎంత కోస్తారో తెలుసు. అది రాస్తే లెక్కల పాఠం. తాత తంగేడు చెక్కతో తోలు ఎట్లా ఊనేవాడో అడిగి రాస్తే సైన్సు పాఠం. వాడకు నల్లా ఏ సంవత్సరం వచ్చింది, దాని కోసం ఎవరెవరు ఎక్కడెక్కడ తిరిగారు అన్నది రాస్తే చరిత్ర పాఠం. ఇవేవీ గైడులో దొరకవు, వ్యాసాలు రాసే యంత్రానికీ తెలియవు. ఆ పిల్లకే తెలుసు.

భాష సంగతి. ‘అమ్మ కైకిలి పోయింది’ అని పిల్ల రాస్తే సారు ఎర్రసిరాతో కొట్టేసి ‘కూలికి వెళ్ళినది’ అని దిద్దుతాడు. ఒక్క మాటే గదా అనుకోవద్దు. మీ అమ్మ మాట తప్పు అని పిల్లకు చెప్పినట్టు. ముందు పిల్లను రాయనివ్వండి. అక్షరదోషాలు దిద్దండి, వాడ మాటను మాత్రం కొట్టేయకండి. పుస్తకం తెలుగు పరీక్షకు కావాలి, అదీ నేర్పాల్సిందే. రెండూ ఒకే పిల్ల నోట ఉండొచ్చు.

ఇంగ్లీషు మీడియం వచ్చాక తెలుగులో ఈ రాతలెందుకు అని మనోళ్ళే అడుగుతున్నారు. ఇంగ్లీషు మనకు కావాలి, ఆ మాట మీద రాజీ లేదు. ఉన్నోళ్ళ పిల్లలకు ఇంగ్లీషు, మన పిల్లలకు మాతృభాష మీద ఉపన్యాసాలు అంటే ఒప్పుకోం. కానీ తన సంగతి ఒక భాషలోనైనా చెప్పుకోలేని పిల్ల రెండో భాషలో చేసేది మళ్ళీ చూచిరాతే. పైన తెలుగులో రాయించండి, కింద అదే సంగతి తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో రాయించండి. ఏడాది తిరిగేసరికి నాలుగు ముక్కలు నలభై అవుతాయి.

ఇక జాగ్రత్త పడాల్సిన సంగతి. మన పిల్ల నిజం రాస్తే ఊళ్ళో ఎవరికో తగులుతుంది. ఆ దెబ్బ పిల్ల మీద పడకూడదు. అందుకని రాత బడి పేరుతో పోవాలి. పిల్ల పూర్తి పేరు, ఫొటో, ఇంటి గుర్తులు పెట్టొద్దు. తల్లిదండ్రులకు చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాకే పెట్టండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేండ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. బయటివాళ్ళు రాసే మాటలు టీచరు చూసి ఒప్పుకున్నాకే కనపడేటట్టు పెట్టుకోవాలి. మరో మాట. కొన్ని రాతలు బ్లాగుకు పనికి రావు, అర్జీకి పనికి వస్తాయి. మాతోనే బడి మరుగుదొడ్లు కడిగిస్తున్నారని పిల్ల రాస్తే అది కథ కాదు, ఫిర్యాదు. దాన్ని పట్టుకుని అధికారి దగ్గరకు పోవాల్సింది మనం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం ఉన్నది ఎందుకు? పిల్లను ముందుకు నెట్టి పెద్దలం వెనక నిలబడితే అది ఉద్యమం అనిపించుకోదు.

టీచర్లకు శిక్షణ అంటే ఏ బటన్ నొక్కాలో చూపించి పంపిస్తున్నారు. అది అరపూటలో వచ్చే విద్య. అసలు పని వేరే. ముందు టీచరు రాయాలి. కాంప్లెక్సు మీటింగులో తలా ఒక పేజీ రాయండి, తాను పుట్టిన వాడ గురించో, తన మొదటి రోజు బడి గురించో. రాసి పక్కవాళ్ళకు చదివి వినిపించండి. పదిమంది ముందు తన రాత పెట్టినప్పుడు గుండె ఎట్లా కొట్టుకుంటుందో తెలిసిన టీచరుకు పిల్ల రాతను ఎట్లా పట్టుకోవాలో ఒకరు చెప్పక్కరలేదు.

తర్వాత చిన్నగా మొదలుపెట్టండి. మొదటి నెల గోడపత్రిక. రెండో నెల అందులోంచి పిల్లలే ఎంచిన నాలుగు రాతలు బ్లాగులోకి. టైపు చేయడం రాకపోతే పిల్ల చదువుతుంటే ఫోనే తెలుగులో రాసుకుంటుంది, తప్పులు కలిసి దిద్దుకోవచ్చు. ఇంకో మండలంలో మనలాంటి బడిని ఒకదాన్ని చూసుకోండి. వాళ్ళది మనం చదవాలి, మనది వాళ్ళు చదవాలి.

సంఘం కార్యకర్తలకు కూడా పని ఉంది. చదువు రాని తల్లిదండ్రులకు బ్లాగు ఎక్కడ కనపడుతుంది? ఆదివారం పూట అంబేద్కర్ భవనం దగ్గరో, చెట్టు కిందో కూర్చోబెట్టి పిల్లల రాతలు పైకి చదవండి. బాబాసాహెబ్ 1920లో పెట్టిన పత్రికకు ‘మూక్‌నాయక్’ అని పేరు పెట్టాడు, నోరు లేనివాళ్ళ నాయకుడని. నూరేండ్లు దాటింది. మన పిల్లలకు నోరుంది, చేతిలో కలం ఉంది. చదివేవాళ్ళను చూపించే పని మనది. ఈ విద్యాసంవత్సరం దాటనివ్వకుండా మీ బడిలో ఒక్క తరగతితోనైనా మొదలుపెట్టండి.