అంబలి మీద అపవాదు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పిల్లలు బక్కచిక్కి ఉండటానికి కారణం పొద్దున్నే అంబలి తాగడమేనని తేల్చేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ల దృష్టిలో పాలు, కార్న్‌ఫ్లేక్స్ ఆరోగ్యానికి గుర్తు, అంబలి లేమికి గుర్తు. చదువుకున్నవాళ్లు ధీమాగా చెప్పే ఈ మాటలో పస లేదు.

బస్తర్‌లోని జగ్దల్‌పూర్ చుట్టుపక్కల ఈ రాగి అంబలిని మండియా పేజ్ అంటారు. రాగిపిండిని రాత్రి కుండలో నానబెడతారు. తెల్లారేసరికి అది పులుస్తుంది. మరిగే ఎసట్లో గుప్పెడు నూకలు ఉడికించి, ఆ పిండిని పోసి కలియబెడతారు. చల్లారాక ఎండు సొరకాయ బుర్రలో నింపుకుని పొలానికో అడవికో వెళతారు. ఎండలోనూ అది చల్లగానే ఉంటుంది. పులియడం వల్ల రాగుల్లోని ఇనుము ఒంటికి పట్టడం కాస్త సులువవుతుంది.

లెక్కలు కావాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు. మరపట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు. పీచు రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపే. రాగి గింజ మరీ చిన్నది, పైపొర తీయడం కష్టం కాబట్టి తవుడుతో సహా పిండి అవుతుంది. మామూలు కార్న్‌ఫ్లేక్స్‌కు మాత్రం మొక్కజొన్న తవుడు, మొలక తీసేసి మిగిలిన రవ్వనే రేకులుగా నొక్కుతారు. ముడిధాన్యం ఏది, కానిది ఏది? ఓట్స్ కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయన్నది నిజమే. అంతమాత్రాన రాగులకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక పండ్లు. ఆపిల్, కివీ ఉంటేనే పండు తిన్నట్టా? బస్తర్ అడవిలో వేసవికి తునికి పండ్లు, మొర్రి పండ్లు, మామిడి, ఆ వెనకే నేరేడు, చలికాలం ముందు సీతాఫలం, తర్వాత ఉసిరి. ఉసిరిలాంటి వాటిలోని సి విటమిన్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. పండును పండుగా తింటే మధుమేహం ముప్పు తగ్గుతుందనీ, రసం తాగితే పెరుగుతుందనీ 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. ఇక్కడి పిల్లలు చెట్టుకింద ఏరుకుని తినేది పండే, డబ్బా రసం కాదు.

మరి రక్తహీనత సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 60.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆ నేరం అంబలిది కాదు. మలేరియా రక్తాన్ని హరిస్తుంది. బస్తర్‌లో ప్రభుత్వం 2020లో ఇంటింటికీ తిరిగి పరీక్షలు మొదలుపెట్టింది ఆ జ్వరం కోసమే. పప్పు, గుడ్డు, కూర చాలకపోవడం ఇంకో కారణం. పిండి నిండుకున్న ఇంట్లో అంబలి నీళ్లలా పలచనవుతుంది. రేషన్‌లో రూపాయికి కిలో చొప్పున ఇచ్చిన బియ్యం ఆకలిని తగ్గించింది, కాదనను. కానీ కాల్షియం విషయంలో ఆ బియ్యం రాగులకు సాటి రాదు.

ప్రభుత్వాలకు ఈ విషయం తెలియనిది కాదు. ఛత్తీస్‌గఢ్ 2021లో మిల్లెట్ మిషన్ పెట్టి రాగులు, కోదో (అరికెలు), కుట్కీ (సామలు)లకు ధర ప్రకటించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ 2023లో బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టాయి. మన పిల్లలకు పోషకాహారమైనది బస్తర్ పిల్లలకు వెనకబాటుతనం ఎలా అవుతుంది?

రాగిజావ ఒక్కటే సరిపోతుందని నేననడం లేదు. అంబలి పక్కన పప్పూ గుడ్డూ పెట్టండి, రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు రాగులూ ఇవ్వండి, మలేరియాను తరిమేయండి. అవేవీ చేయకుండా అంబలి కుండను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.