మౌనానికొక చావడి.. గోదావరి సీమలో బౌద్ధ కేంద్రాలు ఎవరి కోసం?

మండపేట: ఏటా డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరు 6న తీర్మానించింది. ఆ తేదీ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ వర్ధంతి కావడం కేవలం యాదృచ్ఛికం. అయినా గోదావరి జిల్లాల వాసులకు ఆ యాదృచ్ఛికత ఒక చిక్కుముడిని గుర్తు చేస్తుంది. ఇక్కడ కళ్ళు మూసుకుని ధ్యానం చేసేవారు చాలావరకు ఒక వీధివారు. బుద్ధుని పటానికి పూలదండ వేసేవారు చాలావరకు మరొక వీధివారు. ఇరువురూ తలచేది ఒకే మహనీయుని. కూర్చునే చోటు మాత్రం ఒకటి కాలేదు.

వారానికొకటి రెండు రోజులు సామూహిక ధ్యానం, మిగిలిన రోజుల్లో చిత్రలేఖనం, మట్టి బొమ్మలు, రచన వంటి సృజనాత్మక శిక్షణ శిబిరాలు నిర్వహించే బౌద్ధ కేంద్రాలు మహానగరాలలోను, విదేశాలలోను కొత్త కాదు. మండపేట వంటి వ్యాపార పట్టణంలో, కోనసీమ గ్రామాలలో అటువంటివి నిలబడగలవా, నిలబడితే ఎవరికి ప్రయోజనం అన్న ప్రశ్న ఇప్పుడు ఆలోచించదగినది.

రెండు పాయలు

మొదటి పాయ ధ్యానానిది. కర్నూలులో 1990లో సుభాష్ పత్రి ప్రారంభించిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం ఆనాపానసతి అనే పాళీ మాటను తెలుగు పల్లెల వరకు చేర్చింది. ఆయన 2022 జులైలో కన్నుమూసినా ధ్యాన కేంద్రాలు సాగుతూనే ఉన్నాయి. అంతకు ముందే సత్యనారాయణ గోయెంకా 1969 నుంచి భారతదేశంలో విపశ్యన నేర్పుతూ వచ్చారు. హైదరాబాదులోని ధమ్మఖేత్త కేంద్రం 1976లో మొదలయింది. మనకు దగ్గరలో ఏలూరు జిల్లా పెదవేగి మండలం విజయరాయిలో ధమ్మవిజయ కేంద్రం ఉంది. అదే జిల్లాలో క్రీస్తుపూర్వపు గుంటుపల్లి గుహలు ఉన్నాయన్నది తెలిసిందే.

విపశ్యన శిబిరానికి రుసుము లేదు. పూర్తిచేసిన వారు తోచినంత దానం చేయవచ్చు. అయితే పది రోజులు ఇల్లు విడిచి ఉండాలి, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, మాట ఉండదు, పుస్తకం, కలం ఉండవు. రుసుము లేకపోవడం పేదవానికి తలుపు తెరిచినట్లే గాని, ఊడ్పుల వేళ, కోతల వేళ పది రోజుల కూలి వదులుకోవడం అతనికి సాధ్యం కాదు. మండపేట చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో, కోళ్ళ ఫారాల్లో పనిచేసే వారి సంగతీ అంతే. ఇది ఆ పద్ధతిలోని లోపం అనలేము. నిత్యం పనిచేసుకునే వారిని దృష్టిలో ఉంచుకొని దానిని రూపొందించలేదు, అంతే.

రెండో పాయ అంబేడ్కర్‌ది. నాగపూర్‌లో 1956 అక్టోబరు 14న ఆయన లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించిన వార్త కోనసీమ పేటలకు దూరపు కబురు కాదు. ఈ నేలపై ఆ ఉద్యమానికి అప్పటికే వేళ్ళున్నాయి. శాసనసభ్యునిగా పనిచేసిన బొజ్జా అప్పలస్వామి, కందికుప్పలో పుట్టి న్యాయవాదిగా, కవిగా, ఉద్యమ నేతగా 2016లో మరణించే వరకు పోరాడిన ఆయన కుమారుడు బొజ్జా తారకం ఈ సీమవారే. ఈ పాయలో ధ్యానానికి ప్రాధాన్యం తక్కువ. అంబేడ్కర్ మరణానంతరం 1957లో వెలువడిన బుద్ధ గ్రంథంలో ధమ్మం సామాజికమని, మనిషికి మనిషికి మధ్య ఉండవలసిన నడవడి అని ఆయన వివరించారు. ఒంటరిగా ముక్తి వెదుక్కోవడం మీద ఆయనకు మమకారం లేదు. కనుక ఇక్కడి పేటల్లో బుద్ధుడు మౌనంగా కూర్చోమన్నవాడు కాదు, తలెత్తుకొని నడవమన్నవాడు.

ఈ రెండు పాయలూ విడివిడిగా ప్రవహించడం వల్ల ఇద్దరికీ నష్టమే. ధ్యానం నేర్చిన మధ్యతరగతి వారికి బుద్ధుడు కులం గురించి ఏమన్నాడో వినిపించదు. అవమానాల బరువు మోస్తున్న యువకునికి మనసును నిలబెట్టుకునే ఉపాయం దొరకదు. రెండో నష్టం ఎంత పెద్దదో పేటల్లో తిరిగిన ఉపాధ్యాయులను అడిగితే చెబుతారు.

2022 మే 24 గాయం

ఈ చర్చను కేవలం ఆధ్యాత్మికంగా చూడలేకపోవడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మండపేటను అందులో చేర్చడంపై అప్పుడే భిన్నాభిప్రాయాలు వచ్చాయి. తరువాత జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో ఆందోళన హింసగా మారింది. ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి, ఇంటర్నెట్ నిలిపివేశారు. ఆ పేరు ఆ ఏడాదే ఖరారయింది. కాని పక్కపక్కన పంట కాలువ గట్లు పంచుకునే వారి మధ్య పడిన ఎడం గెజిట్ నోటిఫికేషన్‌తో పూడేది కాదు.

శాంతి సంఘాల సమావేశాలు జరిగాయి, ప్రకటనలు వచ్చాయి. నిజానికి మనుషులు ప్రకటనల వల్ల దగ్గర కారు. ఒకే చాప మీద వారం వారం కూర్చుంటే, ఒకే బంకమట్టి పిసికితే కొంత అవుతారేమో. బౌద్ధ కేంద్రం గురించి మాట్లాడడానికి అసలు కారణం ఇదే.

ఆదుర్రు చెప్పే కథ

మామిడికుదురు మండలం ఆదుర్రులో వైనతేయ తీరాన ఇటుకల స్తూపం శిథిలాలు ఉన్నాయి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్న ఈ దిబ్బను స్థానికులు దుబరాజు గుడి అని పిలుస్తారు. సింహళానికి వెళ్తూ అశోకుని కుమార్తె సంఘమిత్ర ఇక్కడ పునాది వేసిందన్న ఐతిహ్యమూ ప్రచారంలో ఉంది. ఐతిహ్యాన్ని చరిత్రగా భావించనక్కరలేదు. గొల్లప్రోలు దగ్గరి కొడవలిలో శాతవాహన రాజు చండసాతి శాసనం దొరికింది కనుక, ఈ తీరంలో బౌద్ధం వేళ్ళూనిందనడానికి ఐతిహ్యం సాయం అవసరం లేదు. ద్రాక్షారామం, కుమారారామం పేర్లలోని ఆరామ శబ్దాన్ని బట్టి అవీ ఒకప్పటి బౌద్ధ క్షేత్రాలేనని కొందరు చరిత్రకారులు అంటారు, మరికొందరు ఒప్పుకోరు. ఆ వాదం మనకు ఇక్కడ అక్కరలేదు.

అక్కరైనది వేరొకటి. ప్రభుత్వాలకు బౌద్ధమంటే ఇప్పటికీ పర్యాటకమే. అమరావతిలో 2006 జనవరిలో దలైలామా కాలచక్ర నిర్వహించినప్పుడు దేశ విదేశాల నుంచి జనం తరలివచ్చారు, అక్కడ 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం వెలిసింది. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. మంచిదే. కాని విగ్రహాన్ని చూసి ఫొటో తీసుకుని వెనుదిరిగే వానికి, పక్క ఊరివానితో కలిసి గంటసేపు కూర్చునే వానికి తేడా ఉంది. రెండో వానికోసం ఎవరూ పైసా ఖర్చు చేయలేదు.

లండన్‌లో ఒక పాత అగ్నిమాపక కేంద్రం

ధ్యానాన్ని, కళను, అంబేడ్కర్‌ను ఒకచోట చేర్చే ప్రయత్నం గతంలో జరగకపోలేదు. లండన్‌లో పుట్టి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశం వచ్చిన సంఘరక్షిత ఇక్కడే భిక్షువై, అంబేడ్కర్‌ను కలిశారు. 1956 డిసెంబరులో అంబేడ్కర్ మరణవార్త వచ్చిన రోజుల్లో నాగపూర్‌లో ఉండి, దిక్కుతోచని నవబౌద్ధులకు ధైర్యం చెప్పారు. 1967లో లండన్‌లో ఆయన స్థాపించిన సంఘమే 2010 నుంచి త్రిరత్న పేరుతో నడుస్తోంది, మహారాష్ట్రలో విస్తృతంగా పనిచేస్తోంది. లండన్ తూర్పు భాగంలో ఒక పాత అగ్నిమాపక కేంద్రాన్ని సభ్యులే శ్రమదానంతో బాగుచేసి 1978లో ధ్యాన కేంద్రంగా మార్చారు. చిత్రకళ, కవిత్వం సైతం సాధనలో భాగమేనన్నది ఆ సంఘం అభిప్రాయం.

అయితే అనుకరించే ముందు మరొక సంగతీ తెలుసుకోవాలి. సంఘరక్షిత వ్యక్తిగత ప్రవర్తనపై వచ్చిన తీవ్ర ఆరోపణలు ఆ సంఘాన్ని కుదిపివేశాయి. 2018లో మరణించడానికి ముందు ఆయన క్షమాపణ చెప్పవలసి వచ్చింది. గురువు ఒక్కడే సర్వాధికారి అయిన చోట ఇటువంటివి జరిగే అవకాశం ఎక్కువ. మన దగ్గర కేంద్రం ఏర్పడితే స్త్రీలు, పేటవారు సభ్యులుగా ఉన్న కమిటీ, బహిరంగ లెక్కలు మొదటి రోజు నుంచే ఉండాలి.

ముడిసరుకు మన దగ్గరే

సామూహిక నియమం ఈ ప్రాంతవాసులకు తెలియనిది కాదు. మండపేట మండలంలోని ద్వారపూడి అయ్యప్ప ఆలయం వైపు కార్తికంలో ఒకసారి చూస్తే చాలు. 41 రోజులు చన్నీటి స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం. ఆ రోజుల్లో యజమాని, పనివాడు పరస్పరం స్వామీ అనే పిలుచుకుంటారు. మాల తీసిన మర్నాడు ఆ పిలుపు ఏమవుతుందన్నది వేరే సంగతి. అయినా తెల్లవారుజామున లేచి నియమం పాటించగల వేలమంది ఇక్కడ ఉన్నారని అది రుజువు చేస్తుంది.

కళల విషయంలో ఇంకా సంపన్నులం. కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల పల్లెటూళ్ళ ఆడపిల్లలకు వసతి ఇచ్చి విద్య నేర్పింది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు అకాల మరణానికి (1925) ముందు సిద్ధార్థుని చిత్రించారు. అక్కడే చదివిన అడివి బాపిరాజు శాతవాహనుల నాటి బౌద్ధ వాతావరణాన్ని హిమబిందు నవలలో నిలిపారు. ఆదుర్రు స్తూపమున్న మామిడికుదురే బోయి భీమన్న స్వగ్రామం. ఆయన పాలేరు నాటకం చూసి పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రుల గురించి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అంగర, బండారులంక మగ్గాలు ఉండనే ఉన్నాయి. శిబిరానికి ఎక్కడినుంచో నిపుణులను పిలిపించవలసిన పని లేదు. పాలేరు నాటకాన్ని అగ్రహారం పిల్లలు, పేట పిల్లలు కలిసి ఆడితే అంతకు మించిన శిక్షణ ఏముంటుంది?

ధ్యానానికి వస్తే మతం మారినట్లేనా, కుల ధ్రువీకరణ పత్రానికి ముప్పు వస్తుందా అన్న అనుమానం పేటల్లో ఉంది. అది తేలికగా తీసివేయదగినది కాదు, పిల్లల చదువు, ఉద్యోగం దానిమీద ఆధారపడి ఉన్నాయి. ధ్యానంలో కూర్చోవడం మతమార్పిడి కాదు. ఇక బౌద్ధం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాల వారికి ఆ హోదా కొనసాగేలా 1990లోనే పార్లమెంటు చట్టం చేసింది. ఈ రెండు మాటలూ కేంద్రం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

భవనం కోసం ఎదురుచూడనక్కరలేదు. ప్రతి మండలంలో సామాజిక భవనాలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి సభలు, పెళ్ళిళ్ళు లేనప్పుడు తాళమే. దానిని తీయడానికి పంచాయతీ తీర్మానం సరిపోతుంది. వేళ మాత్రం రాత్రి ఏడు దాటాక పెట్టాలి, కూలికి వెళ్ళిన ఆడవారు ఇల్లు చేరి అన్నం వండాక. మొదటి శిబిరం వేసవి సెలవుల్లో పెడితే పిల్లలు దొరుకుతారు, దాళ్వా కోతలు ముగిసి పెద్దలకూ తీరిక ఉంటుంది. పేటలోని భవనంలో పెడితే అటు వీధివారు రావాలి, అటు పెడితే పేటవారు వెళ్ళాలి. మొదటి వారం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అసలు పరీక్ష మొదలవుతుంది.