చాంగీ పతకం

పీటర్ చిట్టీ పేరు పక్కన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ లీగ్ రికార్డుల్లో కనిపించేవి రెండే మ్యాచ్‌లు, రెండూ సెయింట్ కిల్డా క్లబ్ తరఫున. ఆ లెక్కతో ఆయన్ను కొలవడం అన్యాయం. 1942లో సింగపూర్ పతనమైనప్పుడు ఆయనతో పాటు జపాన్ సైన్యానికి చిక్కిన ఆస్ట్రేలియన్ సైనికులు, అక్కడి చాంగీ చెరలో అరకొర తిండి తింటూనే జట్లు కట్టి పోటీలు నడిపారు. దానికి పూనుకున్నవారిలో లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకాన్ని 1933లో గెలిచిన విల్ఫ్రెడ్ స్మాల్‌హార్న్ ఒకరు. 1943 జనవరిలో అక్కడి ఉత్తమ ఆటగాడి పతకం చిట్టీకి దక్కింది. డొక్కలెండిన మనుషులు, రేపు బతుకుతామన్న భరోసా లేకుండా ఆడిన ఆటలో వచ్చిన ఆ పతకం, మెల్‌బోర్న్ మైదానాల్లో గెలిచిన దేనికీ తీసిపోదు. ఆ ఏడే ఆయన్ను బర్మా రైలుమార్గం పనికి తరలించారు. లీగ్ రికార్డుల్లో చాంగీ ఆటలకూ ఒక పేజీ ఉండాలి.