పూర్వజన్మ సుకృతమట!



మాండొలిన్ శ్రీనివాస్ ప్రస్తావన వచ్చినప్పుడెల్లా మనవారు పలికే మాట ఒక్కటే: "పూర్వజన్మ సుకృతమండీ!" ఈ పొగడ్తతోనే నాకు పేచీ.

1969లో పాలకొల్లులో జన్మించిన ఆ బాలునికి పాఠం చెప్పినవారు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగలపై వెదకి పట్టుకొనేవాడు. గమకం పలకని విదేశీ వాద్యమని కొందరు పెదవి విరిచారు. వయొలిన్ మాత్రం మన పెరటిలో మొలిచినదా? జంట తీగలు తొలగించి, ఐదు తీగల విద్యుత్ మాండొలిన్‌పై గమకం పలికించడమే శ్రీనివాస్ ఇచ్చిన సమాధానం. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందంలో, తన రాగాన్ని విడువకుండానే, జాజ్ విద్వాంసుని సరసన నిలిచారు. 2014లో, 45 ఏళ్ళకే అస్తమించారు.

ఇదంతా గతజన్మ పుణ్యమే అయితే, సుబ్బరాజుగారి శ్రమను ఏ ఖాతాలో వ్రాద్దాం?

ఆ మాటలో మరొక ప్రమాదమూ ఉన్నది. విద్య పుట్టుకతోనే వచ్చేదయితే బడికి సంగీతోపాధ్యాయుడు అక్కరలేదు! నేనుండే మారేడుమిల్లిలో కొండరెడ్ల పిల్లల గొంతులు విన్నాను. వారికి కొరవడినది సుకృతం కాదు. ఎదుట కూర్చుండి, తప్పు దిద్దుతూ, మళ్ళీ మళ్ళీ పాడి వినిపించే గురువు.

శ్రీనివాస్‌కు నమస్కరించేవారు ముందుగా ఆయన గురువుకు నమస్కరించండి. ఆపైన మీ ఊరి బడిలో సంగీతం పంతులున్నారేమో విచారించండి.