అన్నం పెట్టేది ఎవరు?

మన గోదావరి జిల్లాల్లో ఎన్నికలొస్తే చాలు, ఒక కొత్త కామందు దిగుతాడు. తాత మొదలుపెట్టిన మిల్లు, తండ్రి పెంచిన ఫ్యాక్టరీ, కొడుక్కి ఎంపీ టికెట్టు. పేటలోకొచ్చి చేతులు జోడించి "ఇప్పటికే ఇన్ని వందలమందికి అన్నం పెడుతున్నా, మీకు పెట్టనా?" అంటాడు. మన పెద్దలు కొందరు తలలూపుతారు. సరిగ్గా ఈ మాట మీదే మా పేచీ.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లొచ్చాయి, డెల్టా పండింది. పొలం ఎవరి పేరున ఉందో పంట వాళ్లింటికి పోయింది. ఊడ్చిన చేతులు, కోసిన చేతులు పేటలోనే ఉండిపోయాయి. ఆ మిగులే వడ్లమిల్లయింది, చక్కెర ఫ్యాక్టరీ అయింది, సినిమా అయింది, హైదరాబాదులో మేడలయింది, రొయ్యల చెరువయింది. చివరికి పార్టీ టికెట్టయింది. మరి ఎవరి అన్నం ఎవరు తింటున్నట్టు?

తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ పెట్టిన ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు అక్కడ ఎమ్మెల్యే కూడా అయ్యారు. ఆ రోజుల్లో అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో. ఇప్పుడు చూడండి. నరసాపురం పార్లమెంటు సీటు 2014లో బీజేపీ తరఫున లైలా గ్రూపు గోకరాజు గంగరాజు గారికి పోయింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున కరెంటు కంపెనీ రఘురామకృష్ణరాజు గారికి పోయింది. రాజమండ్రిలో 2014లో తెలుగుదేశం నుంచి గెలిచింది జయభేరి మురళీమోహన్ గారు. జెండాలు మూడు, గల్లాపెట్టె మాత్రం ఒక్కలాగే ఉంది. రఘురామకృష్ణరాజు గారే 2024లో తెలుగుదేశం టికెట్టు మీద ఉండి ఎమ్మెల్యే అయ్యారు, శాసనసభ ఉపసభాపతీ అయ్యారు. మనవాడు కండువా మారిస్తే అమ్ముడుపోయాడంటారు. కంపెనీ ఆయన మారిస్తే రాజకీయం తెలిసినవాడంటారు!

వీళ్లలో మంచివాళ్లు లేరని మేం అనం. ఆయన మంచితనం ఆయన చుట్టాలు చూసుకుంటారు. మనం చూడాల్సింది వేరే ఉంది.

తుందుర్రులో ఆక్వా పార్కు వద్దు, గొంతేరు డ్రెయిను పాడవుద్దని జనం కొట్లాడితే 144 సెక్షను పెట్టారు, ఆడవాళ్లని జైలుకు పంపారు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంటులో ఐదుగురు కూలీలు చనిపోయారు. అదే ఏడు గరగపర్రులో అంబేద్కర్ బొమ్మ పెట్టుకున్నందుకు మనవాళ్లని వెలివేశారు. పనికి పిలవలేదు, కౌళ్లు లాక్కున్నారు. ఈ మూడూ నరసాపురం పార్లమెంటు కిందివే. ఇవి ఎంపీ చేయించాడని మేం అనటంలేదు. గరగపర్రు మనకు చూపించింది ఇంకొకటి: అన్నం పెడుతున్నానన్నవాడే కావాలనుకున్న రోజున అన్నం ఆపగలడు. పని ఆయన చేతిలో ఉంది, కౌలు ఆయన చేతిలో ఉంది. ఇక చట్టం, పోలీసు స్టేషను కూడా మనమే ఓటేసి ఆ చేతిలోనే పెడితే ఫిర్యాదు ఎవరికిస్తాం? సాంఘిక వెలి, పని మానిపించటం అట్రాసిటీ చట్టం కింద నేరమని 2016 జనవరి నుంచి స్పష్టంగా ఉంది. ఆ కాగితం కదిలించాల్సింది ఎవరు?

దానధర్మాల సంగతి. బడికి నాలుగు బెంచీలిచ్చి వాటి మీద పేరు రాయిస్తారు. మా పిల్లలు ఆ పేరు మీద కూర్చునే ఎక్కాలు వల్లిస్తారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు ఖర్చు పెట్టి తీరాలి. చట్టం పెట్టమన్న ఖర్చుకు మనం దండలు వేస్తున్నాం.

ఇంకో తమాషా. అసెంబ్లీకి పోటీ చేస్తే డిపాజిట్ 10 వేలు, దళితుడికి 5 వేలు. అక్కడ సగం తగ్గించారు, సంతోషం. ఖర్చు పరిమితి మాత్రం 2022 నుంచి అసెంబ్లీకి 40 లక్షలు, పార్లమెంటుకు 95 లక్షలు. ఇది కాగితం మీద లెక్క. రాత్రిపూట పేటలో పంచే కవర్లు దీన్లోకి రావు. రిజర్వుడు సీట్లలో కూడా మన అభ్యర్థికి పెట్టుబడి పెట్టేది కామందే అయితే, గెలిచాక ఆయన ఎవరింటికి ముందు వెళ్తాడో మీకు తెలుసు.

కాబట్టి ఈసారి కామందు వచ్చేలోగా ఒక పని చేయండి. సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని 2003 నుంచి పోటీ చేసే ప్రతివాడూ ఆస్తులు, అప్పులు, కేసులు అఫిడవిట్లో రాసిస్తున్నాడు. చదువుకున్న పిల్లలు అది ఫోనులో తీసి, అంబేద్కర్ బొమ్మ దగ్గర అందరికీ పైకి చదవాలి. అప్పుల పేజీ ముందు చదవండి, బ్యాంకులో ఉన్నది జనం డబ్బే. ఆయన వచ్చాక కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి. తర్వాత అడగండి. మీ మిల్లులో హమాలీకి పీఎఫ్ కడుతున్నారా? రొయ్యల తలలు తీసే మా ఆడవాళ్లు మీ రిజిస్టరులో ఉన్నారా, కాంట్రాక్టరు జేబులో ఉన్నారా? రేపు మా ఊళ్లో వెలి పెడితే, పెట్టినవాళ్లు మీ చుట్టాలే అయితే, మీరు స్టేషనుకు ఎవరి వెంట వస్తారు?

జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. నోటిమాట వద్దు.