పూసకుఁ బేరే పెట్టె



పూసల యల్లిక నేర్చుటకు మాకొక మాసము పట్టినది. పూసలను దాఁచుకొనుట నేర్చుటకు పదియేండ్లు పట్టినది. అల్లిక చూపించువారు ప్రతి వీధిలోను కలరు. అల్లఁగా మిగిలిన పూసల నెట్లుంచవలెనో చెప్పువారు మాకు కనఁబడలేదు. కాఁబట్టి యీ మాసము ఆ చిన్న సంగతినే ముచ్చటింపఁ దలఁచితిమి. చిన్నదేయైనను, దానివలన మా యింట నొక పెద్ద నొప్పి కలిగినది. ముందుగా దానినే చెప్పుదుము.

మా వివాహసమయమున పుట్టినింటివారు ఒక పోపులపెట్టె నిచ్చిరి. అత్తవారింట అదివఱకే యొకటి యుండెను. రెండును స్టీలువే; రెండును గుండ్రనివే; రెంటిలోను ఏడేసి గిన్నెలే. ఏడు గిన్నెలను చూడఁగానే యెవరికైనను ఏడు రంగులు తలఁపునకు వచ్చును గదా! క్రొత్త పెట్టెను మేము పూసలకు వాడుకొంటిమి. అన్నము ఉడుకులోపల నాలుగు వరుసలు అల్లుకొనవచ్చునని, దానిని వంటయింటి గూటిలోనే పోపులపెట్టె ప్రక్కన నుంచితిమి. ఆ వీలునకు మాలో మేమే మెచ్చుకొంటిమి కూడను.

ఒకనాఁటి సాయంకాలము మా అత్తగారు చారునకు తిరుగవాత పెట్టుచుండిరి. వారికి 70 ఏండ్లు దాఁటినవి, చూపు మందగించినది. అయినను ఏ వస్తువు ఎచ్చట నుండునో కంటికన్న వారి చేతికే బాగుగ తెలియును. ఆనాఁడు వారి చేయి తప్పలేదు, పెట్టెయే తప్పినది. గూడు తుడిచిన మేము పెట్టెలను తాఱుమాఱుగా నుంచితిమి. ఆవాలకు మాఱుగా నల్లపూసలు కాఁగిన నూనెలో పడినవి. "ఏమమ్మా, ఈ ఆవాలు చిటపటమనవేమి? పాతవి తెచ్చినారా?" అని అత్తగారు మఱి కొన్ని వేసిరి. మేము పెరటిలో నుండి, అంగడివాని నే నాలుగు మాటలంటిమి.

మావారు బడినుండి వచ్చి భోజనమునకు కూర్చుండిరి. రెండవ ముద్దకే పంటిక్రింద గాజు కఱకుమన్నది. అదృష్టవశమున ఎవరికిని హాని కలుగలేదు. చారంతయు పాఱఁబోసితిమి.

అంతటితో ముగిసిన యెడల నవ్వుకొని యూరకుందుము. మఱునాఁటినుండి అత్తగారు పొయ్యి దగ్గఱకు రాలేదు. "నా కండ్లు పోయినాయి తల్లీ, ఇంక నువ్వే చేసుకో" యని వసారాలో కూర్చుండిపోయిరి. 50 ఏండ్లు ఆ పొయ్యినేలిన చేతులు ఒడిలో ఊరక పడియుండెను. మమ్ము నొక్క మాటయు అనలేదు. అందుచేతనే మాకు మఱింత సిగ్గు కలిగినది. ఆవాల ప్రక్క గాజునుంచిన చేయి మాది. మా యశ్రద్ధవలన కలిగిన తప్పును ఆ పెద్దామె తన కన్నుల మీఁద వేసికొనెను.

ఆ దినమే పూసలపెట్టెను క్రిందికి దించి తెఱచితిమి. ఏడు గిన్నెలలో ఒక్కటియు సరిగా లేదు. మూఁత కొంచెము వదులైనందున ఎఱుపు పచ్చలోనికి, పచ్చ తెలుపులోనికి దొరలినవి. పెద్దవి చిన్నవి కలిసిపోయినవి. చెడక యున్నదొకటే: అడుగున కాగితములో చుట్టిన పూసల పేరు. దానిని అత్తగారు ఎన్నఁడో పాపానాయుడుపేట పూసలని కొన్నది. దారము మాసినది గాని పూసలు కొన్ననాఁటి వరుసలోనే యున్నవి. ఆ పేరు మాకు పాఠము చెప్పినది.

పాపానాయుడుపేట మాకు దూరము కాదు. మా వడమాలపేటనుండి రేణిగుంట మీఁదుగా పోయినచో ఏర్పేడు మండలములో నున్నది. పూసల చరిత్రలో ఆ చిన్న ఊరి పేరు దేశాంతరములందును తెలిసినదే. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో సుమారు 2,000 ఏండ్లనాఁడే గాజును సన్నని గొట్టములుగా లాగి, ముక్కలు చేసి, చిఱుపూసలు చేయుచుండిరి. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపిన స్థలమదియే. అట్టి పూసలు ఓడలమీఁద పోయి ఆగ్నేయాసియాలోను, ఆఫ్రికా తూర్పుతీరమునను దొరకినవి. వీనికి ఇండో పసిఫిక్ పూసలని పేరిడిన పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పరిశోధకుఁడు, ఆ ప్రాచీనపద్ధతి మన పాపానాయుడుపేటలో నిలిచియున్నట్లు గుర్తించెను. ఆసియా సముద్రవ్యాపారమున పూసల సంగతిని గూర్చిన ఆయన గ్రంథము 2002లో వెలువడినది.

ఆ పద్ధతిని కొంచెము తెలిసికొన్నచో పూసపై మనకు గౌరవము కలుగును. కరఁగిన గాజును పొడవైన ఇనుపగొట్టము చివర ముద్దగా చేర్చి, ముద్ద నడుమ బోలుచేసి, దానినుండి సన్నని గాజుగొట్టమును దారమువలె లాగుదురు. ఆఱిన గొట్టములను పదునైన ఇనుపబద్దపై చిన్నముక్కలు చేయుదురు. ఆ ముక్కల అంచులు వ్రేలిని కోయును. వానిని బూడిదతో కలిపి మరల వేఁడిచేయఁగా అంచులు కరఁగి నునుపెక్కును. బూడిద యుండుటచే ఒకదానికొకటి అంటుకొనవు. పిదప జల్లించి, పరిమాణమును బట్టి వేఱుచేసి, దారమునకు గ్రుచ్చి పేరులు కట్టుదురు. ముక్కలు చేయుట, గ్రుచ్చుట మొదలైన పనులలో స్త్రీల శ్రమ మెండు.

ఇందఱు జల్లించి, ఏరి, గ్రుచ్చి యిచ్చినదానిని మనము ఇంటికి తెచ్చి, దారము త్రెంచి, గిన్నెలో కుమ్మరింతుము! వారి కడపటి పనిని ఒక్క నిముషములో చెఱుతుము. పిమ్మట, పూసలు కలిసిపోయినవని విచారింతుము.

మన భాషలో పూసల సరమునకు "పేరు" అనియే పేరు. గిన్నెలో పడిన పూసకు ఆ రెండు పేరులును పోవును. గీతాచార్యుఁడు 7వ అధ్యాయమున సూత్రమునందు కూర్చిన మణులను దృష్టాంతముగ గ్రహించెను గదా. దారము కనఁబడదు, నిలుపునది మాత్రము అదియే. ఇంటిపనికి మేము దానినుండి తీసికొన్న నియమమిది: పేరుగా వచ్చిన పూసను అవసరము కలుగువఱకు పేరుగానే యుంచవలెను. కావలసిన మేరకే తీసి, మిగిలినదానికి వెంటనే ముడి వేయవలెను. విడిగా వచ్చిన పూసలలో మిక్కిలి వాడునవి రెండు మూఁడు రంగులు తీఱికవేళ పేరులుగా గ్రుచ్చికొన్నను మేలే. ప్రాఁతబడిన నూలుదారము తేమకు చివుకును. కాఁబట్టి యేఁటికొకమాఱు, వానలు వెలిసిన పిదప, దారములను లాగి చూచి, బలము తగ్గినవానిని మార్చవలెను.

విడిపూసలకు మూఁత బిగువుగా పట్టు పారదర్శకమైన చిన్న సీసాలు మంచివి. ఒక సీసాలో ఒకే రంగు, ఒకే పరిమాణము. గిన్నెలన్నింటికి ఒకే మూఁత యున్న పెట్టె పూసలకు పనికిరాదు. ఒక్కమాఱు తలక్రిందైనచో నెలనాళ్ల పని. అంగళ్లలో పూసలకు సంఖ్యలుండును. సంఖ్య పెరిగినకొలఁది పూస చిన్నదగునని మఱవరాదు. 8వ సంఖ్య పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11వ సంఖ్యది సుమారు 2, 15వ సంఖ్యది సుమారు ఒకటిన్నర యుండును. సీసామీఁద సంఖ్యను, రంగును, కొన్న నెలను వ్రాసి అంటింపవలెను. మూఁతపై వ్రాయరాదు, మూఁతలు మాఱును, సీసాలు మాఱవు.

ఎన్ని పూసలున్నవో తెలియవలెనన్న ఋతుపర్ణునివలె చూచినంతనే లెక్కింపఁగల విద్య మనకక్కఱలేదు. ఒక గ్రాము తూఁచి, అందలి పూసలను ఒక్కమాఱు లెక్కించి, ఆ లెక్కను సీసాపై వ్రాసికొన్నచో, తరువాత తూనికయే లెక్క చెప్పును. 11వ సంఖ్య గుండ్రని పూసలు గ్రామునకు సుమారు 100 వచ్చును. పని నడుమ పూసలు చాలక నిలిచిపోవు బాధ దీనివలన తప్పును.

ఇక రంగుల మాట. గాజులోనే రంగు కలిసిన పూస ఎండకు సులభముగ వెలియదు. పైన రంగుపూఁత గలది ఎండకు వెలియును, చెమటకు పోవును. లోపల వెండిపూఁత గలది తేమకు నల్లబడును. కాఁబట్టి సీసాలను కిటికీలో అలంకారముగా నుంచుట కన్నులకు పండువే గాని పూసలకు కాదు. క్రొత్తగా కొన్న పూసలు పదింటిని సబ్బునీటిలో ఒక రాత్రి నానవేసి, తెల్లని గుడ్డపై రుద్ది చూచినచో వాని గుణము తెలియును.

మా వీధిలో ఒక యమ్మాయి పెండ్లి రవికెలకు పూసలు కుట్టి తల్లిని పోషించుకొనుచున్నది. ఒకమాఱు రెండు దఫాలుగా కొన్న ఎఱ్ఱపూసలను ఒకే సీసాలో పోసినది. రాత్రి దీపమునకు రెండును ఒకటిగానే కనఁబడినవి. తెల్లవాఱి వెలుతురులో చూడఁగా ఒక చేయి కుంకుమరంగు, ఒక చేయి ఇటుకరంగు! మూఁడు రాత్రులు కూర్చుండి విప్పి మరల కుట్టినది. ముహూర్తపు వేళకు రవికె అందినది గాని, ఆలస్యమైనదని కూలిలో కొంత కోసికొని యిచ్చిరి. మనకు వేడుకయైన పని ఆ బిడ్డకు అన్నము. అది మొదలు ఆమె ఏ దఫా పూసలను ఆ దఫాగానే యుంచి, పగటివెలుతురులో రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన పిదపనే సూది పట్టుచున్నది. మనమును అట్లే చేయుదము గాక.

పసిబిడ్డలున్న యిండ్లలో ఒక జాగ్రత్త. నేలఁబడిన పూస బిడ్డకు కనఁబడినంత త్వరగా మనకు కనఁబడదు. పని చేయునపుడు అంచుగల పళ్లెములో మందపుగుడ్డ పఱచి పూసలు పోసికొన్నచో అవి దొరలవు. చాపమీఁద పోసికొనరాదు, సందులలో దూఱి నిలుచును. లేచునపుడు చీర దులుపుకొని లేవవలెను. బిడ్డ ముక్కులో గాని చెవిలో గాని పూస పెట్టుకొన్నచో పుల్లతోను సూదితోను తీయఁ బ్రయత్నింపరాదు. అది మఱింత లోనికి పోవును. వెంటనే వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఇప్పుడు మా యింటి పూసలు పడకగది అలమరలో నున్నవి. మావారు బడినుండి తెచ్చిన ఖాళీ సుద్దముక్కల పెట్టెలను శుభ్రముగ తుడిచి, గుడ్డలో చుట్టిన పేరులను వానిలో నుంచితిమి. పరిమాణము తెలియుటకు ప్రతి పేరు కొసను ముడులు వేసితిమి: పెద్దపూసలకు ఒక ముడి, నడిమివానికి రెండు, చిన్నవానికి మూఁడు. చీఁకటిలోనైనను వ్రేళ్లకు తెలియును. ఆ ముడులు వేసి యిచ్చినవారు మా అత్తగారే. మొదట వలదనిరి. "మీ చేతికి తెలిసినట్లు మా కంటికి తెలియదు" అని బ్రతిమాలఁగా, దారపుకొసలు ఒడిలో వేసికొనిరి. నేఁడు మాకు కావలసిన పేరును పెట్టెలో చేయి పెట్టి మాకంటె ముందుగా తీసి యిచ్చుచున్నారు.

వంటయింటి గూటిలో ఇప్పుడు పోపులపెట్టె యొకటే యున్నది. రెండవదానిని అటకపై పెట్టి నెల దాఁటినది. మొన్న సాయంకాలము మేము వసారాలో కూర్చుండి అల్లుచుండఁగా, లోపల గిన్నె చప్పుడైనది. లేవఁబోయి ఆఁగితిమి. మఱుక్షణమున ఆవాలు చిటపటలాడినవి. "కరివేపాకు రెండు రెబ్బలు తే మ్మా" అని అత్తగారు లోపలినుండి కేక వేసిరి.