ఉత్త కాగితాల గొడవేనా?

కార్డిఫ్ క్రౌన్ కోర్టు 2021 నవంబరు 12, శుక్రవారం నాడు, ఒక ఫుట్‌బాల్ ఆటగాడి ప్రాణం తీసిన విమాన ప్రయాణాన్ని ఏర్పాటు చేసిన డేవిడ్ హెండర్సన్‌కు 18 నెలల జైలుశిక్ష వేసింది. విమాన భద్రతను ప్రమాదంలోకి నెట్టిన నేరానికి చట్టం అయిదేళ్ల దాకా వేయనిస్తుంది. పడింది తక్కువా, సరిపోయిందా అన్న తగవు న్యాయవాదులు తేల్చుకోవచ్చు. ఈ విచారణలో అంతకన్నా ఒళ్లు మండించే మాట ఒకటి వినబడింది. హెండర్సన్ చేసిన తప్పల్లా కాగితాలకు సంబంధించినదేననీ, దానివల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు కలిగే అవకాశం లేదనీ ఆయన తరఫు న్యాయవాది జ్యూరీకి చెప్పారు. జ్యూరీలో పదిమంది దాన్ని తోసిపుచ్చారు.

కాగితాలేనట. సరే, ఆ కాగితాల్లో ఏం రాసి ఉందో ఒకసారి చదవాలి కదా.

మొదటిది పైలట్ లైసెన్సు. ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సలాను నాంత్ నుంచి కార్డిఫ్‌కు తీసుకొస్తూ, విమానం కూలి అతనితో పాటే ప్రాణం పోగొట్టుకున్న డేవిడ్ ఇబోట్సన్ దగ్గర ఉన్నది ప్రైవేటు లైసెన్సు. సొంత సరదాకి ఎగరవచ్చు. స్నేహితులను ఎక్కించుకుని ఖర్చు పంచుకోవచ్చు, అదీ తన వాటా తాను పెట్టుకున్నప్పుడే. డబ్బు తీసుకుని ప్రయాణికులను చేరవేయకూడదు. మన ఊళ్లలో తెల్ల నంబరు ప్లేటు కారును గుట్టుగా టాక్సీకి తిప్పడం అందరూ చూసిందే. ఆకాశంలో ఆ పనికే బ్రిటన్‌లో గ్రే చార్టర్ అని పేరు. కారయితే చక్రం పంక్చరైనా రోడ్డు పక్కన ఆపుకోవచ్చు. ఇంగ్లిష్ చానల్ మీద, జనవరి చీకట్లో, ఎక్కడ ఆపుతారు?

హెండర్సన్‌కు ప్రయాణికులను డబ్బుకు తిప్పే ఆపరేటర్ సర్టిఫికెట్ లేదు. సలా ఎక్కిన పైపర్ మాలిబూ 1984లో తయారై అమెరికాలో రిజిస్టరైన విమానం. బ్రిటన్‌లో దాన్ని కిరాయికి నడపాలంటే పౌర విమానయాన సంస్థ సీఏఏ నుంచి విడిగా అనుమతి ఉండాలి. అదీ లేదు. ఈ రెండో ఆరోపణను ఆయనే ఒప్పుకున్నారు.

అసలైన కాగితం మరొకటి ఉంది. ఇబోట్సన్‌కు రంగులు సరిగా గుర్తుపట్టే చూపు లేదు. కాబట్టి ఆయన పగటిపూట మాత్రమే నడపాలి. రాత్రి నడిపే శిక్షణ కూడా పొందలేదు. రాత్రిపూట ఎదుటి విమానం వస్తోందో పోతోందో దాని రెక్కల చివర ఎర్ర దీపమూ పచ్చ దీపమూ చూసే తెలుసుకోవాలి. ఆ తేడా పట్టలేని కన్ను ఉన్న మనిషికి రాత్రి ప్రయాణం వద్దని ఎవరో వైద్యుడు పరీక్షించి రాసిన మాట అది. దాన్ని పనిలేని గుమాస్తా రాతగా చూపించబోవడం ఎంత తెగింపు!

2019 జనవరి 21న ఆ విమానం నిజానికి ఉదయం తొమ్మిదింటికి బయలుదేరాలి. పాత జట్టు మిత్రులతో ఒక్కరోజు గడపాలని సలా కోరడంతో రాత్రి ఏడింటికి మారింది. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడు స్నేహితులకు వీడ్కోలు చెప్పుకోవాలనుకోవడంలో తప్పేముంది? తొమ్మిది ఏడుగా మారిన క్షణంలో ఆ పైలట్ అర్హత పోయింది. కాగితాలు సక్రమంగా ఉన్న ఏ సంస్థలోనైనా డ్యూటీ రాసేవాడు ఆ మార్పు చూడగానే ఫోనెత్తి వేరే పైలట్‌ను పిలిచేవాడు. ఇక్కడ ఏర్పాట్లన్నీ చూసిన పెద్దమనిషి భార్యతో కలిసి ప్యారిస్‌లో సెలవు గడుపుతున్నారు. పైలట్ అలాగే బయలుదేరాడు.

వాతావరణం బాగోలేదు. మబ్బులకు దూరంగా ఉండాలని పైలట్ కిందికి దిగేందుకు అనుమతి అడిగాడు. నేల గాని, నింగి అంచు గాని కనబడనప్పుడు కళ్లను కాక మీటర్లను నమ్మి నడపాలి; ఆ సాధన ఇటీవల ఆయనకు లేదు. ఈ తరగతి విమానం నడిపే రేటింగ్ గడువైతే నవంబరులోనే తీరిపోయింది. ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ 2020 మార్చిలో ఇచ్చిన నివేదిక ఏం చెప్పింది? చేత్తో నడుపుతూ మలుపు తిప్పినప్పుడు విమానం అదుపు తప్పిందని, డిజైన్ ఓర్చుకోగల వేగాన్ని దాటిపోయి గాలిలోనే విరిగిందని. వాణిజ్య విమానాలకు పెట్టిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల అదుపు తప్పే అవకాశం పెరిగిందని కూడా ఆ నివేదికే రాసింది. కాగితానికీ కూలడానికీ మధ్య గీత గీసింది దర్యాప్తుదారులే.

అవతలివారి వాదనలో బలమైన సంగతి ఒకటుంది: సలా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరిన హిమోగ్లోబిన్ 58 శాతం, అంతటి విషవాయువు సీట్లో ఎంత గొప్ప లైసెన్సున్న పైలట్ కూర్చున్నా వదిలిపెట్టదు. నిజమే. పైలట్‌కూ ఆ విషం సోకి ఉండవచ్చని నివేదిక అంది. పొగగొట్టం వేడితోనే క్యాబిన్‌ను వెచ్చచేసే ఏర్పాటు ఆ విమానానిది; గొట్టం పగిలితే వాసనా రంగూ లేని వాయువు నేరుగా లోపలికి వస్తుంది. కానీ హెండర్సన్ మీద మోపింది చంపిన నేరం కాదు, ప్రమాదంలోకి నెట్టిన నేరం. విషవాయువు రవ్వంతైనా లీకవకపోయినా, చీకట్లో నడపరాని మనిషిని చీకట్లోకి పంపిన సంగతి అలాగే ఉంటుంది.

తెలియక జరిగిందా అంటే, అదీ కాదు. 2018 వేసవిలో గగనతల నిబంధనల ఉల్లంఘన మీద సీఏఏ నుంచి కబురు వచ్చాక, విమాన యజమాని ఇబోట్సన్‌ను ఇక దాన్ని ముట్టుకోనివ్వవద్దని హెండర్సన్‌కు స్పష్టంగా చెప్పారు. అయినా విమానం ఆయన చేతికే వెళ్లింది. ఈ వ్యాపారంలో ఇద్దరికీ డబ్బుందనీ, ఖాతాదారులను నొప్పించినా సీఏఏ కళ్లలో పడినా అది పోతుందనీ ఇబోట్సన్‌కు హెండర్సన్ పంపిన సందేశాన్ని కోర్టులో చదివారు. విమానం కనబడకుండా పోయాక, నోరు విప్పవద్దని తెలిసినవాళ్లకు సందేశాలు పంపారు. కాగితాల్లో చిన్న పొరపాటు చేసినవాడు ఫారం దిద్దుకుంటాడు, క్షమాపణ చెప్పుకుంటాడు. ఊళ్లోవాళ్ల నోళ్లు మూయించేందుకు పరుగెత్తడు. జస్టిస్ ఫాక్స్‌టన్ దీన్ని అజాగ్రత్త అనలేదు, ముప్పు తెలిసీ తెగించడమన్నారు. సరైన తీర్పు.

ఎన్నికల సభకని బెంగళూరు జక్కూరులో సెస్నా విమానం ఎక్కిన సినీనటి సౌందర్య కరీంనగర్ చేరలేదు. అది 2004 ఏప్రిల్ 17. కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ కూలింది అంతకు రెండేళ్ల ముందు. అందుకే తెలుగువాళ్లు ఈ వార్తను పరాయి ఊరి ఫుట్‌బాల్ కథగా చదవలేరు. వాటి కారణాలు వేరు. చిన్న విమానం ఎక్కేవాడి దిక్కుతోచనితనం మాత్రం ఒక్కటే. ఎవరు నడుపుతున్నారు, ఏ అర్హతతో, ఇంజన్ ఎవరు చూశారు, అడగాలని తోచదు. తోచినా ఎవర్ని అడగాలో తెలియదు. ఈ విమానం ముక్కలైపోయేలా ఉందని సలా మిత్రులకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. అంతకు మించి అతనికి చేయగలిగింది లేకపోయింది.

ఈలోగా సలాను అమ్మిన నాంత్, కొన్న కార్డిఫ్ క్లబ్బులు ఒకటిన్నర కోటి పౌండ్ల బదిలీ సొమ్ము ఎవరు ఎవరికి కట్టాలో తేల్చుకునేందుకు ఫిఫా నుంచి క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు దాకా వెళ్లాయి. దాని గురించి రాసేందుకు మనసొప్పడం లేదు.

మిగిలిన ప్రశ్న సీఏఏకి. హెండర్సన్ ఒక్కడే ఇలా తిప్పాడని ఆ సంస్థ కూడా నమ్మదు. కిరాయి విమానం ఎక్కే ప్రయాణికుడు ఆపరేటర్‌కు సర్టిఫికెట్ ఉందో లేదో, పైలట్ రాత్రి నడపవచ్చో లేదో ఫోన్‌లో ఒక్క నిమిషంలో చూసుకునే వీలు కల్పించాలి. ఆటగాళ్లను అటూ ఇటూ తిప్పే ఏజెంట్లు ఆ సర్టిఫికెట్ చూడకుండా సీటు బుక్ చేస్తే వాళ్లనూ బోనెక్కించాలి. ఇక క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ చేరగానే మోగే అలారం సంగతి. ఆ విమానంలో అలాంటిది లేదు. ఉంటే పైలట్‌కు సమయానికి తెలిసేదేమో అని ఏఏఐబీ రాసింది. పిస్టన్ ఇంజన్ విమానాల్లో దాన్ని తప్పనిసరి చేయమని బ్రిటన్, ఐరోపా, అమెరికా నియంత్రణ సంస్థలు మూడింటికీ సిఫార్సు చేసి, హెండర్సన్‌కు శిక్ష పడేనాటికి ఇరవై నెలలైంది. ఇళ్ల గోడలకు తగిలించుకునే వస్తువుకు చుట్టం లాంటి పరికరం అది. దాన్ని పెట్టించేందుకు కావలసింది సీఏఏ సంతకం పెట్టాల్సిన ఒక్క కాగితం. అప్పటికి అది రాలేదు.